ఇంగ్లీష్ పాటల్లో మెరిసి మాయమయ్యే ఫ్రెంచ్ ముక్క గారికి

మహారాజశ్రీ ఫ్రెంచ్ ముక్క గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కుశలమంతా మీ వైపే లెండి. నిన్న సాయంత్రం హైదరాబాద్‌లో ఒక కెఫేవాళ్లు "ఫ్రెంచ్ మ్యూజిక్ నైట్" అని ఊరించి, కవర్ ఛార్జి గుంజి, రాత్రిదాకా కూర్చోబెట్టి వినిపించినవన్నీ ఇంగ్లీష్ పాటలే. మధ్యమధ్యలో తమరు, పాటకో ముక్క చొప్పున. కాఫీ గురించి మాట్లాడను. అదీ ఫ్రెంచేనట.

మీకిది పాత అలవాటే. 1965లో బీటిల్స్ 'మిషెల్'లో దూరారు. పార్టీల్లో పాల్ మెకార్ట్నీ ఫ్రెంచ్‌లా వినబడేలా ఏదో గొణుగుతూ గిటార్ వాయించిన ట్యూనే అది. అసలు మాటలు స్నేహితుడి భార్య, ఒక ఫ్రెంచ్ టీచరమ్మ, అందిస్తే పాటైంది. 1974లో 'లేడీ మార్మలేడ్'. 2001లో నలుగురు గాయనులు కలిసి మళ్లీ పాడినా జనం నోట మిగిలింది ఆ ఒక్క ఫ్రెంచ్ లైనే. 1977లో టాకింగ్ హెడ్స్ బ్యాండ్ 'సైకో కిల్లర్' పాటలో హంతకుడి నోట్లోనూ మీరే, 2009లో లేడీ గాగా 'బ్యాడ్ రొమాన్స్'లోనూ మీరే. ఎక్కడైనా పాట పూర్తయ్యేదాకా ఉన్నారా? పెళ్లికొచ్చి అక్షింతలు వేసి, ఫొటో దిగి, విస్తరి ముందు కూర్చోకుండా కారెక్కేసే వీఐపీ వరస. పైగా ఆ గుసగుసొకటి! గొంతెత్తితే క్లాస్ తగ్గుతుందా అండీ? మీ వెంట మోగే ఆ అకార్డియన్ వాద్యానికైనా కాస్త సెలవిప్పించండి.

సొంతింట్లో మీ వైభవం మాత్రం ఏపాటిది? రేడియోలో కనీసం 40 శాతం ఫ్రెంచ్ పాటలు వేయాలని 1994లో చట్టం చేయాల్సొచ్చింది. పారిస్ కుర్రాళ్ల బ్యాండ్ డాఫ్ట్ పంక్, వెర్సాయ్ కుర్రాళ్ల బ్యాండ్ ఫీనిక్స్ ఇంగ్లీష్‌తోనే ప్రపంచాన్ని చుట్టారు.

పాట మొత్తం ఫ్రెంచ్‌లో పాడి దేశదేశాల్లో చిందులేయించిన పిల్ల ఒకతె ఉంది, అయా నకమురా. గుసగుసల్లేవు, అంతా బస్తీ మాట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె పాడొచ్చని వార్త రాగానే "ఇది పారిస్, బమాకో మార్కెట్ కాదు" అని కొందరు బ్యానర్ ఎత్తారు. బమాకో అంటే ఆమె పుట్టిన ఊరు, ఆఫ్రికాలోని మాలి రాజధాని. ఆమెది అసలు ఫ్రెంచే కాదన్నారు. అప్పుడెక్కడున్నావయ్యా నువ్వు? లోకమంతా నీ ఒక్క లైనుకి కళ్లు మూసుకుని ఊగిపోతుంటే, ఆ పిల్ల భాష నీది కాదా? ఒక్కసారైనా గొంతు విప్పావా? ఆమెకు నీ అవసరం పడలేదనుకో. చివరికి ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో, ఫ్రెంచ్ భాషకు కాపలా కాసే ఫ్రెంచ్ అకాడమీ కొలువున్న భవనంలోంచే బంగారు దుస్తుల్లో బయటికొచ్చి, పాతతరం ఫ్రెంచ్ గాయకుడు అజ్నవూర్ పాటని తన పాటల్లో కలుపుకుని, రిపబ్లికన్ గార్డ్ బ్యాండ్‌నీ తనతో ఆడించింది.

ఇట్లు,
పూర్తి పాట వినాలనుకున్న ఒక శ్రోత