బొమ్మల మీద సుంకం: ధర వెంటనే, ఫ్యాక్టరీ ఎప్పుడో

2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం చైనా సరుకుల మీద సుంకాన్ని 145 శాతానికి పెంచినప్పుడు, ఆ దెబ్బ నేరుగా తగిలిన రంగాల్లో ఆటబొమ్మలది ముందు వరుస. అక్కడ అమ్ముడయ్యే బొమ్మల్లో దాదాపు 80 శాతం చైనాలో తయారైనవే. అప్పటిదాకా దశాబ్దాలుగా వాటి మీద సాధారణ దిగుమతి సుంకం సున్నా. మే నెల మధ్యకల్లా రేటు 30 శాతానికి దిగివచ్చింది. ఈ మధ్యలోనే అధ్యక్షుడు ట్రంప్, పిల్లలకు 30 బొమ్మలకు బదులు రెండు ఉంటాయేమో, ఆ రెండూ కాస్త ఎక్కువ ధర పలుకుతాయేమో అన్నారు. సుంకం ధరలు పెంచుతుందా లేదా అన్న చర్చ ఆ మాటతోనే ముగిసిందని నా అభిప్రాయం. ఆ పెరిగిన ధరకు బదులుగా దేశంలో తయారీ పెరుగుతుందా అన్నదే ఇక తేలవలసిన సంగతి.

ధర ఎలా పెరుగుతుందో మొదట చూడాలి. సుంకం దుకాణంలోని ధర మీద కాక, సరుకు రేవులో దిగేటప్పుడు ప్రకటించిన విలువ మీద పడుతుంది. దాన్ని కట్టేది దిగుమతి చేసుకున్న వ్యాపారి. దుకాణంలో 100కు అమ్మే బొమ్మ దిగుమతి విలువ 30 అనుకుంటే, 30 శాతం సుంకం అంటే 9. ఈ లెక్క చూపి, ధర పెరిగితే 9 శాతమే కదా అని వాదించేవారున్నారు. కానీ టోకు వ్యాపారి, చిల్లర వ్యాపారి తమ లాభాన్ని కొన్న ధర మీద శాతంగా వేసుకునే చోట ఆ 9 మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. పైగా సుంకాన్ని సరుకు అమ్ముడుపోకముందే కట్టాలి. క్రిస్మస్ అమ్మకాల కోసం వేసవి నుంచే సరుకు తెప్పించుకునే వ్యాపారంలో ఆ డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది. పెద్ద కంపెనీ దాన్ని తట్టుకుంటుంది, లేదా బార్బీ బొమ్మలు చేసే మాటెల్ కంపెనీ చేసినట్టు కొన్ని ధరలు పెంచుతామని బహిరంగంగానే చెబుతుంది. అప్పు పుట్టని చిన్న దిగుమతిదారుకు ఆర్డరు ఆపుకోవడం తప్ప దారి లేదు.

ధర చీటీ మారకపోతే భారం పడనట్టే అనుకోవడానికీ లేదు. ఆ ధరలోనే పెట్టెలో ఒక వస్తువు తగ్గుతుంది, ప్లాస్టిక్ పలచబడుతుంది, నాలుగు రంగుల చోట రెండే వేస్తారు. సుంకం పడని సరుకు ధర కూడా పెరగవచ్చు. 2018లో అమెరికా దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశాక ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, వాటి ధరలు సుమారు 12 శాతం పెరిగాయని, సుంకమే లేని, బట్టలు ఆరబెట్టే డ్రయర్ల ధరలూ దాదాపు అంతే పెరిగాయని తేలింది. అక్కడ ఆ రెండూ జతగా అమ్ముడవుతాయి కాబట్టి కంపెనీలు పెంపును రెండింటి మీదా పంచాయి. నిజమే, అక్కడ కొరియా కంపెనీల ఫ్యాక్టరీలు వచ్చాయి, సుమారు 1,800 ఉద్యోగాలూ వచ్చాయి. కానీ ఒక్కో ఉద్యోగానికి వినియోగదారులు ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైగా భరించినట్టు అదే అధ్యయనం లెక్కగట్టింది.

బొమ్మల విషయంలో ఆ మాత్రం ఫలితం రావడం కూడా కష్టం. బొమ్మ ముఖానికి రంగు వేయడం, జుట్టు కుట్టడం, బట్టలు తొడగడం, చిన్న చిన్న భాగాలు బిగించడం ఇప్పటికీ చాలావరకు చేతిపనే. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, ముఖ్యంగా షాంతౌ నగరం పరిధిలోని చెంఘైలో, అచ్చులు చేసేవారు, మోటార్లు అమ్మేవారు, రంగులు కలిపేవారు, అట్టపెట్టెలు ముద్రించేవారు పక్కపక్కనే ఉంటారు. ఈ అల్లిక తయారవడానికి దశాబ్దాలు పట్టింది. ప్లాస్టిక్ పోతపోసే ఉక్కు అచ్చు ఒక్కటే వేల డాలర్లు ఖరీదు చేస్తుంది, ఒక్కో బొమ్మకు అలాంటివి అనేకం కావాలి. అంత పెట్టుబడిని వచ్చే నెల ఎంతుంటుందో తెలియని సుంకాన్ని నమ్ముకుని ఎవరు పెడతారు? 145 శాతం కొన్ని వారాల్లో 30 కావడాన్ని చూసిన వ్యాపారి చేసే తెలివైన పని, ఏమీ చేయకుండా వేచి ఉండడమే.

దీనికి ఎదురుగా, ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే లెగో కంపెనీని చెప్పుకోవాలి. అమెరికాలోని వర్జీనియాలో 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో ఫ్యాక్టరీ కడతామని ఆ కంపెనీ 2022లోనే, అంటే బొమ్మల మీద సుంకం లేని రోజుల్లోనే ప్రకటించింది. దాని ఇటుకలను పోతపోసే పని చాలావరకు యంత్రాలదే కాబట్టి కూలి రేటు అంతగా అడ్డు కాదు, కొనేవారికి దగ్గరగా ఉండడమే లాభం. చేతిపని మీద ఆధారపడిన బొమ్మకు ఆ సౌకర్యం లేదు. సుంకం దాన్ని చైనా నుంచి కదిలించగలిగినా అది వియత్నాంకో, ఇండోనేషియాకో, మెక్సికోకో వెళుతుంది. 2025 ఆగస్టులో వియత్నాం సరుకు మీదా 20 శాతం పడింది కాబట్టి ఆ వలసతో వినియోగదారుకు ఒరిగిందీ పెద్దగా లేదు. ఈ సుంకాలను సవాలు చేస్తూ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వారిలో లెర్నింగ్ రిసోర్సెస్ అనే, ఇల్లినాయ్ రాష్ట్రపు బొమ్మల కంపెనీ ఉండడం గమనించాలి. ఎవరికి రక్షణ ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పుకుందో, అదే దేశపు కంపెనీ ఆ రక్షణ వద్దని కోర్టుకెక్కింది.

మరి భారత్ మాటేమిటి? ఇక్కడ సుంకం పనిచేసిందని తరచూ వింటాం. 2020 ఫిబ్రవరిలో బొమ్మల దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 2018-19లో 37.1 కోట్ల డాలర్లున్న దిగుమతులు 2021-22కు 11 కోట్లకు పడిపోయాయి, ఎగుమతులు 20.2 కోట్ల నుంచి 32.6 కోట్లకు పెరిగాయి. అయితే ఈ కాలంలోనే, 2021 జనవరి 1 నుంచి, బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి అయింది. విదేశీ ఫ్యాక్టరీకైనా లైసెన్సు ఉండాల్సిందే. ఎంత సుంకమైనా విలువ తక్కువ చూపి కొంత తప్పించుకోవచ్చు కానీ, లైసెన్సు లేని సరుకుకు దారే ఉండదు. దిగుమతులను కట్టడి చేసింది సుంకం కంటే ఈ ఉత్తర్వే ఎక్కువని నేననుకుంటాను. ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలను ఆ 70 శాతం నుంచి మినహాయించడం కూడా సరైన నిర్ణయం, ఎందుకంటే మోటారుకూ సర్క్యూట్‌కూ అదే రేటు వేస్తే మొదట మూతపడేది ఇక్కడ భాగాలు బిగించే యూనిట్లే.

దిగుమతులు తగ్గడం, తయారీ బలపడడం ఒకటి కావు. ఎగుమతి మార్కెట్లో మన సుంకం ఎవరినీ కాపాడదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీదే 50 శాతం వేసినప్పుడు అది తెలిసివచ్చింది. 2025 బడ్జెట్లో బొమ్మల తయారీకి క్లస్టర్లు (ఒకే చోట చేరిన యూనిట్ల సముదాయాలు), నైపుణ్యాల మీద దృష్టి పెడతామని కేంద్రం చెప్పింది. ఆ పథకంతో పాటే 70 శాతాన్ని ఏయే సంవత్సరాల్లో ఎంత మేర తగ్గిస్తారో ముందే ప్రకటిస్తే, అచ్చుల మీద పెట్టుబడి పెట్టేవాడికి తన గడువు ఎంతో తెలుస్తుంది, కొనుక్కునే తల్లిదండ్రులకూ ఈ భారం ఎన్నాళ్లో తెలుస్తుంది.