మైదా వడియాలు, కారం గుడ్లు

ఈస్టర్ పండగకూ, మా అమ్మ వడియాలకూ ముహూర్తం ఒకటే. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమిని చూసుకుని, దాని తర్వాతి ఆదివారాన్ని ఈస్టర్‌గా పెట్టుకోవడం చర్చి లెక్క. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5న. ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 25 దాటదు. మా అమ్మకు పున్నమితో పనిలేదు. పొద్దున పదింటికి మిద్దె ఎక్కి, చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూస్తుంది. కాళ్ళు చుర్రుమంటే వడియాలకు మంచిరోజు వచ్చినట్టే. తిరుపతిలో ఈ రెండు లెక్కలూ ఏటా మా మిద్దె మీదే కలుస్తాయి.

మా ఆవిడ సండే స్కూల్లో చిన్నపిల్లలకు టీచర్. మట్టల ఆదివారానికి ఈత మట్టలతో సిలువలు మడవడం, దూదితో గొర్రెపిల్లలు అంటించడం, అట్టముక్కతో సమాధి చేసి దానికి దొర్లే రాయి పెట్టడం, అన్నీ ఆమె డిపార్టుమెంటు. ఈస్టర్‌కు మాత్రం గుడ్డే ముఖ్యం.

"యేసయ్యకూ గుడ్డుకూ ఏందే సంబంధం?" అని మా అమ్మ ఏటా అడుగుతుంది. మా ఆవిడ కూడా ఏటా ఓపిగ్గా చెబుతుంది. పూర్వం యూరప్‌లో ఈస్టర్‌కు ముందు ఉపవాసముండే శ్రమ దినాలు నలభై రోజులూ మాంసంతో పాటు గుడ్లు కూడా మానేసేవాళ్ళు. ఉపవాసం మనుషులకే గానీ కోళ్ళకు లేదు కదా, అవి పెట్టేది పెడుతూనే ఉండేవి. పండగ నాటికి ఇంటినిండా గుడ్లు పోగుపడేవి. వాటికి రంగులేసి పంచుకున్నారు. పైగా బోలుగుడ్డు ఖాళీ సమాధికి గుర్తు. ఇంతవరకూ మా అమ్మ తల ఊపుతూనే ఉంటుంది. జర్మనీలో ఈ గుడ్లను కుందేలు తెచ్చి చెట్ల చాటున దాస్తుందని పిల్లలకు చెబుతారు అనేసరికి లేచి వెళ్ళిపోతుంది. "కుందేలు గుడ్లు తెచ్చేదేంది! మీరు చెప్పేదీ, నేను వినేదీ" అని వంటింట్లోంచి వినబడుతుంది.

అంతకుముందు ఏడాది నిజం గుడ్లకే రంగులేశారు. ఉల్లిపాయ పొట్టు వేసి, ఒక చెంచా వెనిగర్ పోసి ఉడకబెడితే గుడ్డుకు చక్కటి ఇటుకరంగు పడుతుంది. పసుపుతో పసుపు, బీట్‌రూట్‌తో గులాబీ రంగు. వెనిగర్‌లోని పులుపు పెంకు పైపొరను కొంచెం కొరుకుతుంది కాబట్టి రంగు బాగా పడుతుంది. ఖర్చు తక్కువ, పిల్లలకు సరదా. కానీ ఈసారి పక్క వాటాలోని పిల్లలు కూడా వస్తామన్నారు. వాళ్ళింట్లో గుడ్డు ముట్టరు. అందుకని మా ఆవిడ కాగితం గుడ్లకు దిగింది. బెలూన్ కొంచెంగా ఊది, దాని మీద న్యూస్‌పేపర్ ముక్కలను మైదా జిగురులో ముంచి మూడు పొరలు అంటించాలి. ఆరాక లోపలి బెలూన్‌ను సూదితో పొడిచి లాగేస్తే బోలుగుడ్డు తయారు. ఎండలో గాలి పొంగుతుంది, నీడలో ఆరబెట్టమ్మా అని నేనన్నాను. తను చూసిన వీడియోలో అట్లా చెప్పలేదంది.

గురువారం రాత్రి వంటింట్లో రెండు పొయ్యిలూ వెలిగాయి. ఒకదాని మీద మా అమ్మ వడియాల పిండి కాస్తోంది. బియ్యప్పిండి జావ, నూరిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర. రెండోదాని మీద మా ఆవిడ మైదా జిగురు ఉడికిస్తోంది. పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు. పిల్లల చేతులు కాబట్టి ఈమె ఏమీ కలపలేదు, ఉత్త మైదా, నీళ్ళు. కాగాక రెండింటినీ చల్లారడానికి గట్టు మీద పెట్టి మూతలేశారు. ఆ రెండు గిన్నెలూ మా పెళ్ళికి వచ్చినవి. ఒకే సైజు, ఒకే కంపెనీ. రెండింటి మీదా మా మేనమామ పేరే చెక్కి ఉంది.

శుక్రవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. వడియాలు ఎండ రాకముందే పెట్టాలి కాబట్టి మా అమ్మ చేతికందిన గిన్నె పట్టుకుని మిద్దె ఎక్కింది. మామూలుగా అయితే వేలితో తీసి రుచి చూస్తుంది. శ్రమ దినాల్లో శుక్రవారం సాయంత్రం దాకా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టదు. పాత నూలు చీర పరిచి, తడిపి, చెంచాతో వరసలు పెట్టింది. కాకులకు భయంగా కర్రకు నల్లగుడ్డ కట్టి దిగి వచ్చింది.

పదకొండింటికి ఒలవడానికి వెళ్ళింది. చీరను తిరగేసి నీళ్ళు చల్లితే వడియాలు వాటంతట అవే పట్టు వదలాలి. ఒక్కటీ వదల్లేదు. చీర మొత్తం పలకలా బిగుసుకుపోయింది. రెండు చేతులతో ఎత్తితే నిటారుగా నిలబడింది. గోటితో గీకి తీసిన ముక్కను వాసన చూసింది. జీలకర్ర లేదు, మిరపకాయ లేదు, ఉత్త పిండి వాసన.

"నాకు మతి పోలేదు రా, రాత్రి నా చేత్తో కలిపినాను. ఆ మిల్లులోనే ఏందో జరిగుండాది. మన బియ్యం పెట్టుకుని ఇంకేందో పిండి ఇచ్చినాడు."

"మిల్లులో పిండి మారితే జీలకర్ర ఎట్లా పోతుందమ్మా?"

"నువ్వూరుకో."

వీధి చివర మిల్లు. ఆమె వెనకే నేనూ పోయాను, గొడవ ఆపడానికే. అంత అవసరం రాలేదు. మిల్లాయన మంచి మనిషి, పైగా అది గిరాకీ టైము. ఉపవాసం ఉన్న పెద్దామె ఎండలో నిలబడి చీర చూపిస్తుంటే జనం మూగారు. "ఊరుకో పెద్దమ్మా, ఎక్కడో పొరపాటు జరిగుంటుంది" అని రెండు కిలోల కొత్త బియ్యప్పిండి తూచి చేతిలో పెట్టాడు. మా అమ్మ గెలిచి ఇంటికొచ్చింది.

ఒంటిపూట బడులు కావడంతో మూడింటికల్లా పిల్లలంతా మిద్దె మీద నీడపట్టున చేరారు. మా ఆవిడ గిన్నె మూత తీసింది. జిగురులో అక్కడక్కడా నల్లటి నలకలు.

"టీచర్, ఇందులో ఏందో ఉండాది."

"పురుగులేమోలే నాన్నా, పాత మైదా. అంటించేదానికేగా, ఏం కాదు."

ఇక పిల్లలు మోచేతుల దాకా ముంచారు. బెలూన్‌కు కాగితం ఎక్కువ, ముఖానికి జిగురు ఎక్కువ. అమెరికాలో అధ్యక్షుడి ఇంటి ముందు పచ్చికలో 1878 నుంచి ఈస్టర్‌కు పిల్లలతో గుడ్లు దొర్లిస్తున్నారని మా ఆవిడ చెబుతుంటే, మనమూ దొర్లిద్దామని గోల చేశారు. ఈ ఊళ్ళో ఏప్రిల్ నెలలో పచ్చిక ఉన్నచోట ఆవు ఉంటుంది, ఆవు ఉన్నచోట పేపరు గుడ్డు మిగలదు. అది వేరే సంగతి.

మొదట పక్క వాటా చిన్నోడు కళ్ళు నులుముకున్నాడు. వాడి అరుపుకు పావురాలు లేచిపోయాయి. వాణ్ణి చూద్దామని దగ్గరికొచ్చిన పాప వాడి కన్నీళ్ళు తుడిచి, అదే చేత్తో తన కన్నీళ్ళూ తుడుచుకుంది. రెండు నిమిషాల్లో మిద్దె మీద అందరూ ఒకే రాగం. చేతులు మంట, బుగ్గలు మంట. మా ఆవిడకు టెన్షన్ పట్టుకుంది. "ఎలర్జీ! మైదా పడలేదేమో! ఏమండీ, ఆటో పిలవండి!" కింది నుంచి తల్లులు పరుగున ఎక్కారు. ఒకామె కొబ్బరినూనె తెచ్చింది, ఇంకొకామె పెరుగు గిన్నె. పెరుగే పనిచేసింది.

ఇంత గందరగోళంలో మా చిన్నది మాత్రం ఓ మూలన కూర్చుని తీరిగ్గా వేళ్ళు నాకుతోంది.

"ఏయ్, అది జిగురు! నోట్లో పెట్టుకోకూడదు!"

"జిగురు కాదమ్మా, అవ్వ వడియం."

మా అమ్మ వంగి గిన్నె వాసన చూసింది. ఉపవాసం కాబట్టి అంతకు మించి చేయడానికి లేదు. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెల్లిగా అడిగింది: "ఉప్పు సరిపోయిందా?" సరిపోయిందని చిన్నది చెప్పింది. ఆ తర్వాత అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గిన్నె ఎవరు మార్చారన్న విషయం మీద ఇద్దరూ కలిసి కరెంటు వాళ్ళను తిట్టారు.

గుడ్లు పారేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. శనివారం ఎండలోనే పెట్టారు. పన్నెండు గంటలకు బెలూన్లు ఒక్కొక్కటీ ఢామ్మని పేలడం మొదలుపెట్టాయి. సగం గుడ్లు కుంగిపోయాయి. మిగిలినవి మాత్రం బ్రహ్మాండంగా గట్టిపడ్డాయి. బియ్యప్పిండి జావ మైదాకు ఏమాత్రం తీసిపోదు. వాటికి రంగులేసి, చుక్కలు పెట్టి, దారం కట్టారు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి, ఆరాధన అయ్యాక పిల్లలకు పంచారు. చీమలు పట్టకుండా ఇంటిదాకా చేరినవి కొన్నే.

ఇక మిగిలింది మిల్లాయన సంగతి. ఆ రెండు కిలోల పిండి అప్పటికే మంచి వడియాలై డబ్బాలోకి చేరింది. పోయి నిజం చెప్పమ్మా అన్నాను. చెబుతాలే అని, ఉన్నవాటిలో అందమైన గుడ్డును, ఎర్రదానిపై తెల్లచుక్కలది, కవర్లో పెట్టుకుని బయల్దేరింది. "పండగ గుడ్డయ్యా, మా పిల్లోళ్ళు చేసినారు" అని ఇచ్చింది. ఆయన సంతోషపడి త్రాసు పైన మేకుకు తగిలించాడు. నిజం మాత్రం ఆమె నోట రాలేదు. దారిలో నేను చూస్తే, "పండగ పూట ఎందుకు లేరా ఆ మాటలు" అంది.

వారం తిరిగాక రాగులు పట్టించడానికి ఇద్దరం మళ్ళీ మిల్లుకు పోయాం. మేకుకు దారం మాత్రమే వేలాడుతోంది. మిల్లాయన నొచ్చుకుంటూ చెప్పాడు: "ఏమనుకోవద్దు పెద్దమ్మా. ఎలకలు, కాగితం ముక్క కూడా మిగల్చకుండా తినేసినాయి. ఇన్ని మూటల పిండి ఉండగా దాని మీదికే పోయినాయి, వింతగా ఉండాది."

మా అమ్మ ముఖం వెలిగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని లాగేలోపే అనేసింది:

"తినవా మరి! నా చేత్తో కలిపిన వడియాల పిండి అది!"

మిల్లాయన తూకపు రాయి కిందపెట్టి, మా వైపు తిరిగాడు.

"ఏ పిండి, పెద్దమ్మా?"