డీడీ సప్తగిరి ఛానెల్ చరిత్ర వికీపీడియాలో ఏ పేజీలో రాయాలి?

నిన్న రాత్రి తెలుగు వికీపీడియాలో ఒక ఛానెల్ వ్యాసం తెరిచాను. "ప్రస్తుతం ప్రసారమవుతున్న కార్యక్రమాలు" అని ఒక విభాగం, కింద బారెడు సీరియళ్ల పట్టిక. అందులో ఒక్కటి కూడా ఇప్పుడు రావడం లేదు. కొన్ని అయిపోయి పదేళ్లు దాటింది. ఆ ఛానెల్ ఎప్పుడు మొదలైంది, ఎవరు పెట్టారు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లింది అనేదానికి మాత్రం రెండే వాక్యాలు. ఆ రెండింటికీ మూలం లేదు. పట్టిక తీసేసి, ఆ రెండు వాక్యాలకు మూలాలు వెతుకుతూ ఒంటిగంట దాకా కూర్చున్నాను. దొరకలేదు. అప్పటి నుంచి మనసులో నలుగుతున్న మాటలు ఇక్కడ రాస్తున్నాను.

సీరియళ్ల పట్టికలు చేర్చేవాళ్లను నేను తప్పుపట్టను. ఇష్టంతో వస్తారు, రోజూ చూసేదాని గురించి రాస్తారు. నేను కూడా అలాగే మొదలుపెట్టాను. కానీ ఈ వారం ఏం వస్తుందో చెప్పడానికి పేపర్లో టీవీ కాలమ్ ఉంది, ఫోన్లో యాప్ ఉంది. రేటింగులు వారం వారం మారతాయి. విజ్ఞాన సర్వస్వంలో "ప్రస్తుతం" అని రాసిన వాక్యం, రాసిన మర్నాటి నుంచే అబద్ధం కావడం మొదలుపెడుతుంది. ఏ సంవత్సరం సంగతో రాయండి చాలు.

వీళ్లకంటే ఎక్కువ ఇబ్బంది ఛానెళ్ల మనుషులతో. ఒక ఛానెల్ ఉద్యోగి (పేరు చెప్పను) తమ బ్రోషర్‌లోని పేరాలు తెచ్చి యథాతథంగా అతికించారు. "తెలుగువారి గుండె చప్పుడు", "అనతికాలంలోనే అగ్రస్థానం" లాంటివన్నీ ఉన్నాయి. తీసేశాను. మళ్లీ పెట్టారు. నాలుగుసార్లు ఇదే తంతు. వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చాపేజీలో రాస్తే, "మా ఛానెల్ గురించి మాకంటే మీకు ఎక్కువ తెలుసా అండీ?" అని అడిగారు. "మీకే ఎక్కువ తెలుసండీ. మీ ఛానెల్ మొదలైన రోజు ఏ పత్రికలో వార్త వచ్చిందో ఒక్కటి చెప్పండి, నేనే చేరుస్తాను" అన్నాను. ఆ తర్వాత జవాబు లేదు. ఆ ఛానెల్ ప్రారంభ తేదీ పక్కన "మూలం కావాలి" అన్న ముద్ర ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ ఒక్క మూలం దొరకడం ఎందుకంత కష్టమో చాలామందికి తెలియదు. మన దగ్గర పత్రికా, ఛానెలూ ఒకే ఇంట్లో పుడతాయి. ఈనాడుకు ఈటీవీ ఉంది, సాక్షికి సాక్షి టీవీ ఉంది, ఆంధ్రజ్యోతికి ఏబీఎన్ ఉంది, నమస్తే తెలంగాణకు టీ న్యూస్ ఉంది. సొంత పత్రిక తన ఛానెల్ గురించి రాసింది స్వతంత్ర మూలం కిందకు రాదు. అవతలి గ్రూపు పత్రికేమో దాని పేరే ఎత్తదు. ఎంత పెద్ద సంగతైనా "ఓ ప్రైవేటు ఛానెల్" అనేస్తారు. తెలుగులో ఇన్ని దినపత్రికలుండీ, తెలుగు ఛానెళ్ల గురించి రాయాలంటే చివరికి ఇంగ్లీషు పత్రికల బిజినెస్ పేజీల్లోనే వెతుక్కోవాలి. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. కోట్లమంది చూసిన వాటి చరిత్ర, చూసినవాళ్ల భాషలో లేదు.

అమెరికాలో ఒక చిన్న పట్టణంలోని స్టేషన్‌కు కూడా ఇంగ్లీషు వికీపీడియాలో పెద్ద వ్యాసం కనిపిస్తుంది. అక్కడ ప్రతి స్టేషన్‌కు ఒక కాల్ సైన్ (గుర్తింపు అక్షరాలు), ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చిన లైసెన్సు, అమ్మకాల కాగితాలు ఉంటాయి. మనకు సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ పెట్టే అనుమతుల జాబితా ఉంది. కంపెనీ పేరు, ఛానెల్ పేరు, వార్తలా కాదా, అనుమతి తేదీ అందులో ఉంటాయి. చాలామంది ఆ అనుమతి తేదీనే ప్రారంభ తేదీగా రాసేస్తారు. అనుమతి వచ్చిన రోజు వేరు, ట్రయల్ సిగ్నల్ వదిలిన రోజు వేరు, ముఖ్య అతిథిని పిలిచి స్విచ్ నొక్కించిన రోజు వేరు. వీటి మధ్య నెలల తేడా ఉండొచ్చు. ఏ తేదీ రాస్తున్నామో ఆ మాట కూడా రాయాలి.

దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తల సంగతే తీసుకోండి. రామంతాపూర్ కేంద్రం నుంచి శాంతిస్వరూప్ గారు 1983 నవంబరు 14న మొదటిసారి వార్తలు చదివారు. టెలీప్రాంప్టర్ కూడా లేని రోజులు. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూసినప్పుడు, మర్నాడు ఏ పత్రిక చూసినా ఈ తేదీ ఉంది. ఆ ఒక్క రోజులో ఎన్ని మూలాలు దొరికాయో! ఆయన ఉండగా ఎవరైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే తేదీ ఒక్కటే కాదు, ఆ స్టూడియో ఎలా ఉండేదో, స్క్రిప్టు ఎవరు రాసేవారో, వార్త చివరి నిమిషంలో మారితే ఏం చేసేవారో అన్నీ అచ్చులోకి వచ్చేవి. సంతాప వార్తల్లోంచి చరిత్ర ఏరుకోవడం నాకు బాగాలేదు.

ఇప్పుడు సప్తగిరి దగ్గరికి వస్తాను. నన్ను అందరికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన వ్యాసం ఇదే. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. అంతకుముందే, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, సైట్ (ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపించే) ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. అందులో మన పల్లెలూ ఉన్నాయి. తర్వాత దూరదర్శన్ తెలుగు ఉపగ్రహ ఛానెల్ డీడీ-8 వచ్చింది. అదే డీడీ సప్తగిరి అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ ఛానెల్ డీడీ యాదగిరి అయింది, సప్తగిరి పేరు విజయవాడకు వెళ్లింది.

మరి పాత చరిత్ర ఎవరిది? భవనం, స్టూడియో, టేపులు, పనిచేసిన మనుషులు హైదరాబాద్‌లో ఉన్నారు. పేరు విజయవాడలో ఉంది. 1990ల చివర్లో అనంతపురంలో కూర్చుని డీడీ-8 చూసిన మనిషికి అది ఏ పేజీలో కనపడాలి? చర్చాపేజీలో రెండు వైపులా గట్టిగా వాదించారు. అక్కడక్కడ ప్రాంతం మాట కూడా వచ్చింది, వాతావరణం వేడెక్కింది. నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. 2014 వరకు నడిచిన ఛానెల్ హైదరాబాద్ కేంద్రానిది కాబట్టి ఆ చరిత్ర యాదగిరి వ్యాసంలో పూర్తిగా ఉండాలి. సప్తగిరి వ్యాసం 2014తో మొదలై, మొదటి పేరాలోనే ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి పాఠకుణ్ణి అక్కడికి పంపాలి. రెండు చోట్లా ఒకే చరిత్రను అతికిస్తే, ఒకచోట సరిచేసిన తప్పు రెండోచోట బతికే ఉంటుంది.

ప్రైవేటు ఛానెళ్లలోనూ పేర్ల చిక్కులున్నాయి. ఈటీవీ కన్నడ, మరాఠీ, బంగ్లా ఛానెళ్లు నెట్‌వర్క్18 అనే మీడియా కంపెనీ చేతికి వెళ్లి 2015లో కలర్స్ పేరు పెట్టుకున్నాయి. తెలుగు ఈటీవీ మాత్రం రామోజీ గ్రూపులోనే ఉండిపోయింది. ఇది తెలియక తెలుగు ఈటీవీని అమ్మేశారని రాస్తే నేను రెండుసార్లు సరిచేశాను. 2002లో వచ్చిన మా టీవీని 2015లో స్టార్ కొనుక్కుంది, 2017లో స్టార్ మా అయింది, తర్వాత డిస్నీ చేతికి, 2024 చివర్లో జియోస్టార్ చేతికి వెళ్లింది. ఒక్క ఛానెల్ వెనక ఇంత కథ ఉంటే, మన వ్యాసాల్లో లోగో రంగు మారిన సంగతి దానికంటే ముందు ఉంటుంది. 1995 ఫిబ్రవరిలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. కేబుల్ టీవీ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. జెమిని, ఈటీవీ వచ్చిందీ ఆ ఏడాదే. ఆ రెండు ఛానెళ్ల పుట్టుక గురించి రాసేటప్పుడు చుట్టూ ఏం మారుతోందో ఒక పేరా పడాలి కదా.

వీటన్నిటికంటే నన్ను కుదురుగా కూర్చోనివ్వనివి మూతపడ్డ ఛానెళ్లు. ఎన్నికల ముందు పుట్టి, ఆ తర్వాత జీతాలు ఆగి, ఒకరోజు స్క్రీన్ నల్లబడినవి ఎన్నో మనం చూశాం. అలాంటి ఒకదానిలో ఎడిటర్‌గా పనిచేసిన తమ్ముడొకడు నాకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మూడేళ్లు పగలూ రాత్రీ అక్కడే ఉన్నాను. ఇప్పుడు గూగుల్లో కొడితే మా ఛానెల్ పేరే రావట్లేదు. ఇంటర్వ్యూలో చెబితే అలాంటిది ఉందా అంటున్నారు. వికీలో పేజీ పెట్టవా?" తన ఐడీ కార్డు ఫోటో కూడా పంపాడు. నేను నమ్మాను. కానీ నేను నమ్మితే చాలదు, చదివేవాడు సరిచూసుకోగలిగేలా అచ్చయిన ఆధారం ఉండాలి. ఆ నియమాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. అది లేకపోతే పై బ్రోషర్ పేరాలను ఆపడానికి నా చేతిలో ఏమీ ఉండదు. అయినా ఆ రోజు "కుదరదు తమ్ముడూ" అని టైప్ చేయడానికి చాలాసేపు పట్టింది.

దూరదర్శన్ ప్రసారాలను అందుకుని చుట్టుపక్కలకు పంపిన ఊళ్లలోని రిలే కేంద్రాలదీ అదే దారి. టవరు, చిన్న గది, ఇద్దరో ముగ్గురో ఉద్యోగులు. ఆ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దేశమంతా దాదాపుగా ఆపేశారు. మీ ఊరి టవర్ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు ఆగిందో జిల్లా ఎడిషన్‌లో ఒక మూల నాలుగు వాక్యాలు వచ్చి ఉంటాయి. ప్రతి కేంద్రానికీ విడిగా వ్యాసం అక్కర్లేదు. ఆ నాలుగు వాక్యాలు ఊరి వ్యాసంలోకి చేరితే చాలు.

కాబట్టి ఛానెళ్లలో పనిచేసినవాళ్లకు, చేస్తున్నవాళ్లకు నా విన్నపం. మీ ఛానెల్ పేజీని మీరు దిద్దకండి. మీకు తెలిసింది ఏదైనా పత్రికకు, వారపత్రికకు మీ పేరుతో రాయండి. అచ్చయ్యాక చర్చాపేజీలో చెప్పండి. ప్రారంభం రోజు వేసిన ఫుల్ పేజీ ప్రకటన ఇంట్లో దాచుకున్నవాళ్లుంటే, పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు కనబడేలా ఫోటో తీసి చూపించండి. అది పొగడ్తలకు పనికిరాదు, కానీ తేదీకి పనికొస్తుంది.

ఆ తమ్ముడు గుర్తుతెచ్చుకున్నది ఒకటే, ప్రారంభమైన వారం ఒక దినపత్రిక సినిమా పేజీలో చిన్న ఫోటో వార్త వచ్చిందట. నెల పేరు చెప్పాడు, తేదీ చెప్పలేకపోయాడు. ఆదివారం లైబ్రరీకి వెళ్లి ఆ నెల కట్ట మొత్తం తిరగేస్తాను.