శాప్‌కు సంతాపం అప్పుడే వద్దు

నెల రోజులుగా ఒక మెసేజ్ మా తిరుపతి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, ఆఖరికి మా అక్క కొడుకు నుంచి నేరుగా నాకే. కింద ఒక ముక్క: "నిజమేనా మామా?" సారాంశం ఇది. శాప్, అంటే కంపెనీలు కొనుగోళ్లు, సరుకు, ఖాతాలు నడుపుకునే సాఫ్ట్‌వేర్, 2027లో మూతపడుతోంది. ఏఐ వచ్చాక దాన్ని కంపెనీల్లో అమర్చిపెట్టే కన్సల్టెంట్లతో పనిలేదు. ఇరవై ఏళ్లు ఒకే సాఫ్ట్‌వేర్ పట్టుకున్నవాడు నూతిలో కప్ప. పైగా బెంగళూరో హైదరాబాదో పోనిదే ఆ ఉద్యోగం లేదు. కాబట్టి బీకామ్, ఎంబీఏ పిల్లలు ఆ జోలికి పోకండి.

ఆ నూతిలో కప్పను నేనే. 2006లో మెటీరియల్స్ మాడ్యూల్‌తో, అంటే శాప్‌లో కొనుగోళ్లు, స్టాక్ చూసే భాగంతో మొదలుపెట్టి ఇప్పటికీ అందులోనే ఉన్నాను. (కొత్తలో 'శాప్ పని' అంటే మా అమ్మకు శాపం అనే వినపడేది.)

ముందు 2027 సంగతి. సంవత్సరం నిజమే, అర్థమే తిరగబడింది. ఆ ఏడాది చివరితో ఆగేది ఈసీసీ అనే పాత వెర్షన్‌కు కంపెనీ ఇచ్చే మామూలు సపోర్ట్. మొదట దానికి 2025 గడువు పెట్టారు, 2020 ఫిబ్రవరిలో రెండేళ్లు జరిపారు. అదనంగా డబ్బు కడితే 2030 దాకా సాగుతుంది. దాని స్థానంలోకి ఎస్/4హానా 2015లోనే వచ్చింది. ఇల్లు మారడానికి సామాన్లు సర్దుతుంటే వీధిలోవాళ్లు కొంప మునిగిందన్నట్టుంది ఈ ప్రచారం. ఆ సామాన్లు సర్దేది కూడా మేమే. పాతదాంట్లో సరుకిచ్చేవాళ్లు ఒకచోట, కొనేవాళ్లు ఒకచోట ఉండేవారు. కొత్తదాంట్లో ఇద్దరూ బిజినెస్ పార్ట్‌నర్ అనే ఒకే గూట్లోకి రావాలి. ఒకే పార్టీ రెండు స్పెల్లింగులతో, మూడు అడ్రసులతో ఉంటే ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో కూర్చుని తేల్చాలి. ఆ గడువు పుణ్యమా అని చేతినిండా పని.

ఏఐ దగ్గర కాస్త ఆగాలి. ఇందులో సగం నిజముంది. శాప్ సొంత ప్రోగ్రామింగ్ భాష అబాప్‌లో ఏఐ కోడ్ రాస్తోంది. శాప్ సొంత అసిస్టెంట్ జూల్ 2023లోనే వచ్చింది. టీ-కోడ్లు, అంటే ఒక్కో తెర తెరిచే పొట్టి కోడ్లు, బట్టీపట్టి, 'ఇక్కడ ఇది నొక్కండి' అని చెప్పి జీతం తీసుకునే పని ఇక నిలవదు. పోతే నేనేమీ ఏడవను.

మిగతా సగాన్ని చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర చూశాను. జూన్ నెల, తోతాపురి లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. కాయ కాటా ఎక్కింది, లోపల కుర్రాడు 101 కొట్టాడు. అంటే సరుకు అందినట్టు నమోదు. ఆ క్షణమే సిస్టమ్ స్టాక్ ఖాతాను డెబిట్ చేసి, బిల్లు వచ్చేదాకా ఆగే జీఆర్‌ఐఆర్ ఖాతాను క్రెడిట్ చేస్తుంది. ఏ రేటుతో? పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్న రేటుతో. సీజన్ మొదట్లో మామిడికి ఖరారైన రేటెక్కడిది? అంచనాగా ఒక అంకె వేసి కానిచ్చారు. రెండు వారాలకు అసలు రేటు తేలింది, అంచనా కంటే ఎక్కువ. బిల్లులు ఎక్కించారు. కాయ స్టాక్‌లో ఉండుంటే ఆ తేడా దాని సగటు ధరలో కలిసిపోయేది. కానీ కాయ అప్పటికే గుజ్జయి డ్రముల్లోకి పోయింది, స్టాక్ సున్నా. తేడా అంతా ధర వ్యత్యాసం అనే వేరే ఖాతాలో పడింది. గుజ్జు ఖర్చు మాత్రం పాత అంచనా దగ్గరే ఉండిపోయింది. తెరమీద ఎర్రర్ ఏదీ రాలేదు. పట్టుకున్నది ఎర్ర బట్ట అట్టల చిట్టాల కాలం నుంచి ఉన్న అకౌంటెంట్ ఒకాయన: "ఏం సార్, కాయకన్నా గుజ్జు చౌకా?"

నెలాఖరున అసలు ఖర్చును గుజ్జు మీదికి పంచే ఏర్పాటు శాప్‌లోనే ఉంది. ఎలా పెట్టాలో ఏఐని అడిగితే చక్కగా చెబుతుంది. కానీ ఆ అడగాల్సిన ప్రశ్న ఉందని ముందు ఎవరికో ఒకరికి తట్టాలి కదా. 2025 సీజన్లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం తనవంతుగా రైతుకు మరో 4 రూపాయలు అన్నప్పుడు మళ్లీ ఇలాంటి పంచాయతీయే: రైతు లెక్క 12, మరి ఫ్యాక్టరీ పుస్తకంలో ఎంత?

ఇక నూతిలో కప్ప. ఐబీఎం మానేసిన ఐదుగురు 1972లో జర్మనీలో మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఆర్/2, ఆర్/3, ఈసీసీ, హానా, ఇన్ని రూపాలు మారింది. నేను వచ్చాకే చూడండి, 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఎక్సైజు, వ్యాట్ కోసం ఏళ్లుగా పేర్చుకున్న సెట్టింగులు ఒక్క రాత్రిలో పాతబడ్డాయి. ప్రతి మెటీరియల్‌కూ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే జీఎస్టీ కోసం సరుకుకిచ్చే నంబరు, సరిచూస్తూ ఆ వారం ఆఫీసులోనే పడుకున్నాం. తర్వాత ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు మొదలై, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటినవాళ్లదాకా దిగింది. నూయి అదే, నీళ్లు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవే.

మెసేజ్ రాసినాయన కోపం ఎక్కడిదో నాకు తెలుసు. 'మూడు నెలల కోర్సు, లక్షల ప్యాకేజీ' అన్న ఫ్లెక్సీలు చూసి పొలం కుదవపెట్టి ఫీజు కట్టినవాళ్లున్నారు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకుని, రెండో నెలలో దొరికిపోయి, ఊరికి ముఖం చూపించలేకపోయినవాళ్లూ ఉన్నారు. ఆ తిట్లు కోర్సులమ్మినవాళ్లకు తగలాలి.

ఆఖరి మాట, తిరుపతిలో పనిలేదన్నది. బెంగళూరంత జీతం ఇక్కడ రాదు, ఒప్పుకుంటాను. కానీ శ్రీసిటీ, రేణిగుంట, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలున్నాయి. అన్నిటా శాప్ ఉందనడం లేదు, టాలీ చాలే చోట టాలీయే. నా మటుకు నేను కోవిడ్ నుంచి ఇంట్లో కూర్చునే చేస్తున్నాను. ఒకసారి కాల్‌లో ఉండగా వీధిలో గోవింద నామాలు వినపడి, అదేం పాట అని జర్మనీ ఆయన అడిగాడు.

మా అక్క కొడుక్కి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ మామిడికాయల లెక్కే పంపాను: కిలో 10 అనుకుని దించాం, బిల్లు 12కు వచ్చింది, ఆ రెండు రూపాయలు ఏ ఖాతాలో వేస్తావు? రాత్రి పదకొండు దాటాక జవాబు పెట్టాడు. స్టాక్ ఖాతాలో, అన్నాడు. సగమే ఒప్పు. రెండు నిమిషాలకు ఇంకో మెసేజ్ వచ్చింది: "మామా, బిల్లొచ్చేసరికి కాయ ఇంకా ఉందా, అయిపోయిందా?"