మా బాల్కనీ రాజ్యాంగబద్ధమేనా?

రిజర్వేషన్ల మీద నాకు గట్టి అభిప్రాయం ఉండేది, 2019 జనవరి దాకా. తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధి చివరి టీ బంకు దగ్గర నిలబడితే చాలు, ప్రతిభ ఎట్లా చచ్చిపోతా ఉందో అర్ధగంట చెప్పేవాణ్ణి. 1951 నాటి చంపకం దొరైరాజన్ కేసు నా నోట్లో నలగని రోజు లేదు. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండె. కాలేజీల్లో ప్రతి 14 సీట్లనూ కులమతాలవారీగా పంచిన కమ్యూనల్ జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. కేసేసిన చంపకం మెడికల్ కాలేజీకి అసలు దరఖాస్తే పెట్టలేదనీ, తీర్పొచ్చి మూడు నెలలు తిరక్కుండానే పార్లమెంటు రాజ్యాంగం మొదటి సవరణతో, వెనుకబడినోళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) చేర్చిందనీ మాత్రం చెప్పేవాణ్ణి కాదు. టీ చల్లారిపోతుంది గదా.

ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో 85 శాతం సీట్లు స్థానికులకే అన్నదాన్ని నేనెప్పుడూ రిజర్వేషన్ అనలేదు. అది మన హక్కు. మా అన్న కొడుకు మేనేజ్‌మెంట్ కోటాలో డాక్టరవుతున్నాడు. అది కోటా కాదు, ఫీజు.

1992లో ఇందిరా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు రిజర్వేషన్లకు చెప్పిన 50 శాతం హద్దు నాకు లక్ష్మణరేఖ. అర శాతం దాటినా దేశం ఏమైపోతుందోనని నిద్రపట్టేది కాదు. అంతలో 103వ సవరణ వచ్చి, అప్పటిదాకా ఏ రిజర్వేషనూ లేని మాబోటి కులాల పేదలకు 10 శాతం (ఈడబ్ల్యూఎస్ కోటా) ఇచ్చింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నా. 50 హద్దు మరీ అంత బిగుసుకుపోయింది కాదని 2022లో సుప్రీంకోర్టు కూడా 3-2తో తేల్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీల్లోని పేదల్ని ఇందులోంచి తప్పించడమేంటని జస్టిస్ రవీంద్ర భట్ విడిగా రాస్తే, చీఫ్ జస్టిస్ లలిత్ ఆయనతో ఏకీభవించారు. ఆ పేజీలు నేనింకా చదవలేదు. కళ్లద్దాలు మార్పించుకోవాల.

ఇప్పుడు అసలు చిక్కుకొస్తా. మావాడు కేంద్ర ఉద్యోగాలకు చదువుతున్నాడు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు ఇంటికి ఏడాదికి 8 లక్షల లోపే రాబడి ఉండాల, ఐదెకరాల పొలం ఉండకూడదు, ఫ్లాటు 1,000 చదరపు అడుగులు తాకకూడదు. బిల్డరేమో 1,040కి డబ్బు తీసుకున్నాడు. తండ్రీకొడుకులం ఆదివారమంతా టేపు పట్టుకుని పాకినాం.

"నాయనా, గోడల మందం తీసేద్దామా?"

"తీసెయ్ రా."

"బాల్కనీ?"

"బాల్కనీలో ఎవరన్నా కాపురముంటారా?"

962 తేలింది. పేదోళ్లమైపోయామని మా ఆవిడ పాయసం చేసింది.

సంబరంగా బంకు దగ్గర చెప్పినా. బంకాయన బీసీ. ఆయన బావమరిదికి గాంధీరోడ్డులో కొట్టుంది, రాబడి 8 లక్షలు దాటిందని పిల్లోడు క్రీమీలేయర్, అంటే బీసీల్లో కలిగినోడు, కోటా లేదు పొమ్మన్నారంట.

"అదే ఎనిమిది లక్షలు గదన్నా? మావోళ్లకైతే అది మీగడ, నీకైతే గంజినా?"

రాజ్యాంగం లోతులు నీకు తెలీవులే అన్నా. చిల్లర కూడా అడక్కుండా వచ్చేసినా.

సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది. బాల్కనీకి అద్దాల తలుపులు పెట్టించి గది చేద్దామని మా ఆవిడ పోరుతా ఉంది. ఫలితాలొచ్చేదాకా ఆగమన్నా.