సమీక్షలో నిలదీస్తే మెదడు ఏం చేస్తుంది?

కోచింగ్ అన్న మాట వినగానే కర్నూలు ప్రాంతంలో ఎవరికైనా నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణ కేంద్రాలే గుర్తుకొస్తాయి. 2022లో నంద్యాల వేరే జిల్లా అయినా ఆ అలవాటు పోలేదు. ఇక్కడ చెప్పబోయే కోచింగ్ అది కాదు. పై అధికారి కింది ఉద్యోగితో కూర్చుని, జవాబు తానే చెప్పెయ్యకుండా, అతని చేతే దారి వెతికించే సంభాషణ ఇది. మన కార్యాలయాల్లో దీనికి చోటు తక్కువ. మనకు అలవాటైనది సమీక్ష సమావేశం. హాజరు శాతం పడిపోయిన మండలం పేరు చదువుతారు, విద్యాధికారి లేచి నిలబడతాడు, 'ఎందుకు తగ్గింది?' అన్న ప్రశ్నకు 'పెంచుతాను సార్' అని కూర్చుంటాడు. అసలు కారణం తెలిసిన ఒక్క మనిషీ ఆ క్షణంలో దాన్ని చెప్పలేకపోతాడు.

దీన్ని అసమర్థత అనడం తేలిక. కానీ ఆ క్షణంలో మెదడులో జరిగేది వేరు. ఆలోచనను పట్టి ఉంచడం, ప్రత్యామ్నాయాలను తూచడం, తొందరపాటును ఆపుకోవడం నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చేసే పనులు. మనిషి తన అదుపులో లేని ఒత్తిడికి గురైనప్పుడు నోర్‌అడ్రినలిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాలు మోతాదు మించి అక్కడి నాడీకణాల అనుసంధానం సడలుతుందనీ, భయానికి స్పందించే అమిగ్డలా పట్టు పెరుగుతుందనీ యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎమీ ఆర్న్‌స్టెన్ పరిశోధనలు చూపాయి. అవే రసాయనాలు మరీ తగ్గినా ఆ భాగం మందగిస్తుంది కాబట్టి, ఒత్తిడే ఉండరాదని దీని అర్థం కాదు. కీలకమైన మాట 'అదుపు'. అడగబోయే ప్రశ్నలను ముందురోజే పంపడం, నలుగురిలో కాక పక్కకు పిలిచి మాట్లాడడం ఆ అదుపును కొంతైనా ఉద్యోగి చేతికి తిరిగి ఇస్తాయి.

భావానికి పేరు పెట్టడం కూడా పనిచేస్తుంది. కోపమో భయమో కనిపించే ముఖాల చిత్రాలు చూసి ఆ భావాన్ని మాటల్లో చెప్పినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గినట్టు మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో నమోదు చేసింది. 'ఈ పనిలో నిన్ను ఎక్కువ విసిగిస్తున్నది ఏది?' అన్న ప్రశ్న కాలయాపన కాదని నేను అనుకోవడానికి ఇదొక కారణం.

అయితే మెదడు పేరు చెబితే నమ్మకం కుదరడం మన బలహీనత. వివరణకు సంబంధం లేని మెదడు సమాచారం చేర్చినా, సామాన్య పాఠకులకు చెడ్డ వివరణ సైతం మెరుగ్గా తోచిందని 2008లో డీనా వైస్‌బర్గ్ బృందం చూపింది. రంగుల స్కాన్ బొమ్మలు వేసి 'సరీసృపాల మెదడు' (మన మెదడు అడుగున పాములు, బల్లుల నాటి పాత పొర ఒకటి ఉందనే భావన) గురించి ఉపన్యసించే శిక్షకులను నేను అనుమానంగానే చూస్తాను. ఆ సిద్ధాంతాన్ని నాడీశాస్త్రం ఎప్పుడో వదిలేసింది. పైగా గట్టి ఆధారం స్కానర్ లేకుండానే ఉంది. పనితీరుపై అభిప్రాయం చెప్పిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు తగ్గిందని, దృష్టి పని మీద నుంచి వ్యక్తి మీదికి మళ్లేకొద్దీ అభిప్రాయం ప్రభావం సన్నగిల్లుతుందని పరిశోధకులు క్లూగర్, డెనీసీ 1996లోనే తేల్చారు.

కోసిగి, మంత్రాలయం వైపు బడుల్లో హాజరు తగ్గడానికి తరచూ కారణం సుగ్గి, అంటే పంట కోతల కాలపు వలస. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కదిలిపోతాయి, సీజనల్ హాస్టల్‌లో చోటు దొరకని పిల్లలూ వెంట వెళతారు. 'హాజరు ఎందుకు తగ్గింది?' అని నిలబెట్టి అడిగితే వచ్చేది క్షమాపణ. 'ఈ నెల ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి?' అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే, ఆ అధికారి ఊళ్ల పేర్లతో సహా చెప్పగలడు.