టెలివిజన్, విజ్ఞానం, దూరదర్శిని: ఓ వాట్సాప్ సందేశంలోని నాలుగు తప్పులు

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం దగ్గరపడితే శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. అందులో ఉన్నది ఇది: టెలివిజన్ అనే మాటను 1926లో బెయిర్డ్ పుట్టించాడు. అందులోని 'విజన్' మన 'విజ్ఞానం' నుంచి వెళ్లిందే. సంజయుడు చూసినది దూరదర్శనం, ఇంగ్లీషువాళ్లు దాన్నే తర్జుమా చేసుకున్నారు. కాబట్టి 'టీవీ' అనడం మానేసి 'దూరదర్శిని' అనాలి, లేకపోతే తెలుగు చచ్చిపోతుంది.

పంపేవాళ్లది భాష మీద ప్రేమే. కానీ ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా నిజం కాదు.

మొదటిది తొందరగా తేలిపోతుంది. జాన్ లోగీ బెయిర్డ్ లండన్‌లో తన యంత్రాన్ని చూపించింది 1926 జనవరి 26న. మాట అంతకు పాతికేళ్లకు పైగా ముందుది. 1900 ఆగస్టులో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభలో కాన్‌స్టాంటిన్ పెర్‌స్కీ అనే రష్యన్ ఫ్రెంచి భాషలో చదివిన పత్రంలో 'టెలివిజన్' అన్నాడు. అప్పటికి బెయిర్డ్ పన్నెండేళ్ల పిల్లవాడు. తన యంత్రానికి బెయిర్డ్ పెట్టుకున్న పేరు 'టెలివైజర్'. ఇంకా వెనక్కి వెళితే, 1884లో బొమ్మను గీతలు గీతలుగా విడదీసే చిల్లుల చక్రానికి పేటెంటు అడిగిన జర్మన్ పౌల్ నిప్కో తన ఊహను 'విద్యుత్ టెలిస్కోపు' అన్నాడు. అంటే వస్తువు ఊహ ముందు పుట్టింది, పేరు తర్వాత వచ్చింది, పనిచేసే యంత్రం ఆ తర్వాతది. సందేశం ఈ మూడింటినీ ఒక మనిషి నెత్తిన పెట్టేసింది.

రెండోది 'విజన్', 'విజ్ఞానం'. చెవికి దగ్గరగా ఉన్నాయి, నిజమే. విప్పి చూస్తే కథ వేరు. విజ్ఞానంలో ధాతువు 'జ్ఞా', తెలుసుకోవడం. ముందున్న 'వి' ఉపసర్గ, తీసేసినా జ్ఞానం మిగులుతుంది. 'విజన్' లాటిన్ 'విసియో' నుంచి వచ్చింది. దాని ధాతువు 'విద్', చూడడం. ఇక్కడ 'వి'ని తీసేస్తే ఏమీ మిగలదు, అది ధాతువులోని ముక్క. పైగా 'విజన్'లోని జకారానికి 'జ్ఞ'తో సంబంధం లేదు. లాటిన్‌లో 'విద్' చివరి దకారం ప్రత్యయంలోని తకారంతో కలిసి సకారమైంది, అదే ఇంగ్లీషు నోట నలిగి ఇలా పలుకుతోంది.

అలాగని సంస్కృతంతో చుట్టరికమే లేదనకూడదు. ఉంది, సందేశం చెప్పిన చోట లేదు అంతే. లాటిన్ 'విద్', సంస్కృత 'విద్' ఒకే పాత భాష బిడ్డలు. అటు 'చూడడం'గా, ఇటు 'తెలుసుకోవడం'గా స్థిరపడ్డాయి. కాబట్టి విజన్‌కి చుట్టం కావలసింది విద్య, వేదం. మనం రోజూ అనే 'వీడియో' కూడా ఆ ఇంటిదే, లాటిన్‌లో దానర్థం 'చూస్తున్నాను'. విజ్ఞానానికి చుట్టం కావాలంటే ఇంగ్లీషు 'నో' ఉంది, తెలుసుకోవడం అనే అర్థంలోది. చుట్టాలన్నంత మాత్రాన ఒకరి కడుపున ఒకరు పుట్టినట్టు కాదు.

మొదటి సగం 'టెలి' గ్రీకుది, దూరం అని అర్థం. టెలిస్కోపు, టెలిగ్రాఫు రెండు సగాలూ గ్రీకువే. టెలివిజన్ మాత్రం సగం గ్రీకు, సగం లాటిన్. మన 'రైలుబండి' ఇంగ్లీషూ తెలుగూ కలిసి ఒక్క మాటైనట్టే.

మూడోది సంజయుడు. వ్యాసుడు అతనికి ఇచ్చింది దివ్యదృష్టి. భారతంలో ఆ వరానికి ఉన్న పేరది, 'దూరదర్శనం' అని పేరు మార్చే అధికారం మనకు లేదు. సంస్కృతంలో 'దూరదర్శి' అన్న పాత మాట ఉంది, అమరకోశం దాన్ని పండితుడి పర్యాయపదాల వరసలో చెప్పింది. అర్థం ముందుచూపు గలవాడని, యంత్రం కాదు. తర్జుమా జరిగిన దిక్కు కూడా తలకిందులైంది. 'టెలివిజన్'ని ముక్కకు ముక్క మార్చి తమిళులు 'తొలైక్కాట్చి' చేసుకున్నారు, మన దేశంలో 'దూరదర్శన్' వచ్చింది. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం మొదలైంది 1959 సెప్టెంబరు 15న, ఆకాశవాణి నీడలో. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ విడిగా ఏర్పడింది.

ఇక నాలుగోది. అసలు గొడవంతా దీని దగ్గరే.

ఒక మాట ఏ పని చేస్తోందో తెలియాలంటే దాన్ని వాక్యంలో పెట్టి, మరో మాటతో మార్చి చూడాలి. 'పిడుగు పడి మా టీవీ కాలిపోయింది' అన్న వాక్యం తీసుకోండి. టీవీ బదులు 'దూరదర్శన్' పెడితే ప్రసార కేంద్రమే కాలిపోయిందనిపిస్తుంది, ఎందుకంటే తెలుగులో దూరదర్శన్ ఒక సంస్థ పేరు. 'దూరదర్శిని' పెడితే సైన్సు పుస్తకం చదివిన పిల్లలు టెలిస్కోపు అనుకుంటారు, బడిలో నేర్చిన అర్థం అదే మరి. 'బుల్లితెర' పెడితే వాక్యమే కుదరదు. బుల్లితెర నటి ఉంటుంది గానీ, బుల్లితెర కాలిపోవడం, దాన్ని రిపేరుకివ్వడం ఎవరి నోటా రావు. ఆ మాట సినిమా వెండితెరకు జోడీగా పుట్టింది, ఆ రంగం వరకే పనికొస్తుంది.

'టీవీ' ఒక్కటే అన్ని చోట్లా ఇముడుతుంది. 'టీవీ కొన్నాం' అంటే పెట్టె. 'టీవీలో వచ్చింది' అంటే ప్రసారం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చిన తర్వాత 'టీవీవాళ్లొచ్చారు' అన్నప్పుడు విలేకరులు, కెమెరాలు.

మాట తెలుగైందా లేదా చూడడానికి గుర్తులున్నాయి. విభక్తులు పట్టాలి: టీవీకి, టీవీలో, టీవీతో. బహువచనం కావాలి: టీవీలు. అన్నిటికన్నా గట్టి గుర్తు మన క్రియలు దానితో జతకట్టడం. టీవీ పెడతాం, వేస్తాం, కట్టేస్తాం. ఉత్తరాంధ్ర పల్లెల్లో 'టీవీ ఎట్టు', 'టీవీకి బొమ్మ రానేదు' అంటారు. ఈ 'బొమ్మ' చూడండి, ఏ నిఘంటుకర్తా కూర్చుని చేయలేదు, జనం తమంతట తామే పెట్టుకున్నారు. ఛానెల్ 'తిప్పడం' ఇంకా ముచ్చటైనది. పాత సెట్లలో గుండ్రటి మరను నిజంగానే తిప్పాలి. ఇప్పుడు రిమోట్ మీట నొక్కుతున్నా తిప్పడం పోలేదు. ఇంత తెలుగు పట్టుకున్న మాటను పరాయిదని గెంటేస్తే దాంతోపాటు ఈ వాడుకలన్నీ పోతాయి.

ఈ సందేశం ఆగస్టు 29న తిరగడం మరీ బాధ కలిగిస్తుంది. అది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి జయంతి. జనం నోట్లో ఉన్న భాషే రాతలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడాడు. ఆయన పేరున జరిగే పండగనాడు, జనం అనని 'దూరదర్శిని'ని జనం మీద రుద్దుతున్నారు.

రాసేటప్పుడు పాటించవలసినది కొంచెమే. వ్యాసంలోనో దరఖాస్తులోనో పూర్తి మాట కావాలంటే 'టెలివిజన్'. జకారమే రాయాలి, ఇంగ్లీషు ధ్వనికి మన వర్ణమాలలో సరిగ్గా సరిపోయే అక్షరం లేదు, 'టెలివిషన్' అన్నా దగ్గరపడేదేమీ లేదు. మాటల్లో, కథల్లో, వార్తల్లో 'టీవీ', రెండూ దీర్ఘాలే. 'దూరదర్శన్' ఆ సంస్థకు, 'దూరదర్శిని' చుక్కల్ని చూసే గొట్టానికి.